ముందు చెవి, తర్వాతే స్క్రూడ్రైవరు

ఈమధ్య పాత వాల్వు గిటార్ ఆంప్లిఫయర్లు బాగుచేయించుకోవడానికి వచ్చే కుర్రాళ్లు ఎక్కువయ్యారు. సంతోషమే. ఇదే సామాను పాత ఇనుము కింద కిలోల లెక్కన అమ్మేసిన కాలం కూడా చూశాను కాబట్టి, మళ్లీ ఎవరో వాటిని ప్రేమగా ఆటోలో వేసుకుని తెస్తుంటే నాకు ప్రాణం లేచొస్తుంది. కానీ తెచ్చే తీరు చూస్తేనే ఒళ్లు మండుతుంది. ఆంప్లిఫయరుతో పాటు ఒక సంచీ కూడా వస్తుంది. అందులో పీకేసిన వాల్వులు, కోసేసిన కండెన్సర్లు, కొత్తగా కొన్నవాటి ఖాళీ డబ్బాలు. "అన్నీ మార్చేశా అంకుల్, అయినా గుయ్‌మంటూనే ఉంది" అంటారు. ఏం విని మార్చావు నాయనా అంటే జవాబుండదు. ఫోన్లో ఎవరో మార్చమన్నారట, మార్చేశాడట.

మా రోజుల్లో మార్చడం అన్నిటికంటే చివరి పని. ముందు వినాలి, విన్నాక వెతకాలి, దొరికాక ఆ ఒక్క వస్తువే మార్చాలి. సరుకు దొరక్కపోవడం ఇందుకు ఒక కారణం, ఒప్పుకుంటాను. బెంగళూరులో బీఈఎల్ 1961లో రేడియో వాల్వులు తయారుచేయడం మొదలుపెట్టాక మాబోటివాళ్లకి ఊపిరాడింది గానీ, అమెరికన్ సెట్టుకి పెద్ద వాల్వు కావాలంటే విదేశాల నుంచి వచ్చేవాళ్లెవరినో బతిమాలుకోవలసిందే. కోఠి గుజరాతీ గల్లీలో కొట్టుకొట్టూ తిరిగి ఒక్క కండెన్సరు పట్టుకొచ్చిన రోజు పండగే. అలాంటప్పుడు అనుమానం మీద దేన్నీ పీకేయలేం. అయితే ఈ కరువొక్కటే కారణం కాదు. మాకు పని నేర్పినవాళ్లు పట్టుబట్టి అలా నేర్పారు.

సికింద్రాబాద్‌లో మా ఉస్తాద్‌ది రేడియో రిపేరు కొట్టు. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ రేడియోలు, పెళ్లిళ్ల మైకుసెట్లు, అడపాదడపా ఏ టూరింగ్ టాకీసువాళ్ల ఆంప్లిఫయరో వచ్చేవి. క్రిస్మస్ దగ్గరపడుతుంటే లాలాగూడ వైపునుంచి ఆంగ్లో ఇండియన్ బ్యాండ్ల కుర్రాళ్లు గిటార్ సెట్లు మోసుకొచ్చేవాళ్లు. వాటిలో చాలామటుకు ఇక్కడే ఎవరో కట్టినవి, లేదా మైకుసెట్టుకే గిటారు తగిలించినవి. ఎప్పుడో ఒకటి అసలు ఫెండరు. ఏది వచ్చినా ఉస్తాద్ మొదట మూత తీయనిచ్చేవారు కాదు. "ఆన్ చెయ్, కూర్చో, విను" అనేవారు. విన్నాక, "ఏమంటోంది చెప్పు" అని అడిగేవారు. గోల చేస్తోంది అంటే సరిపోదు. లావుగా గుయ్‌మంటోందా, సన్నగా జుయ్‌మంటోందా, నూనెలో పోపు వేసినట్టు చిటపటా, వానలా ఏకధారగా ఉస్స్ అంటోందా చెప్పాలి. వాల్యూం తగ్గిస్తే తగ్గుతోందా లేదా చెప్పాలి. వాల్వు పోయిందని నేను చెబితే, ఆ వాల్వు తీసినప్పుడు గోల ఆగిందో లేదో అడిగేవారు. రుజువు లేకుండా ఆయన దగ్గర ఏ వాల్వూ పోయేది కాదు.

గిటార్ ఆంప్లిఫయరు అనగానే ఇదేదో వేరే విద్య అని ఇప్పటివాళ్లు అనుకుంటారు. లోపల ఉన్నదంతా మాకు తెలిసిన రేడియోనే. లియో ఫెండర్ 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో పెట్టింది రేడియో రిపేరు కొట్టే. ఆయనకి గిటారు వాయించడం రాదు, రిపేరు వచ్చు. అది ఆయన సెట్టు విప్పితే కనబడుతుంది. ఒక గట్టి అట్టబోర్డు, దానికి కన్నాలు, కన్నాల మధ్య వరుసగా రెసిస్టర్లు, కండెన్సర్లు, దేనికది చేతికి అందేలా. పెట్టె లోపలి గోడకి ఏ సాకెట్టులో ఏ వాల్వో రాసిన కాగితం అతికించి ఉంటుంది. లండన్‌లో జిమ్ మార్షల్ కొట్టులో 1962లో పుట్టిన మొదటి ఆంప్లిఫయరు ఫెండర్ బాస్‌మన్ సెట్టుని చూసి కట్టిందే. రేపు ఎవడో ఒకడు దీన్ని విప్పాల్సి వస్తుందని తలచుకుని కట్టిన సెట్లు అవి. ఇప్పుడు వాల్వు సెట్టని పేరుపెట్టి అమ్మేవాటిలో కొన్ని విప్పి చూశాను. వాల్వు సాకెట్లు, వాల్యూం కంట్రోళ్లు, జాకులు అన్నీ కలిపి ఒకే సన్నటి బోర్డుకి టంకం పెట్టేస్తున్నారు. ఒక్క జాకు వదులైతే ముందుపలకమీద నట్లన్నీ విప్పి బోర్డు మొత్తం బయటికి లాగాలి. వేడెక్కి చల్లారే వాల్వు బరువుని, ఊపుని ఆ బోర్డుమీదే మోపితే టంకం పగలక ఏమవుతుంది?

సరే, శబ్దం సంగతికొస్తాను. మన దేశంలో కరెంటు 50 సైకిళ్లు. వాల్వుల ఫిలమెంటు వైర్ల నుంచో, ఎర్తు సరిగా లేకనో ఎక్కే హమ్ము, అంటే ఆ గుయ్‌మనే మోత, 50 సైకిళ్లలో ఉంటుంది. వాల్వులకి వెళ్లే ఎక్కువ వోల్టేజిని, అంటే హైటెన్షన్‌ని, వడగట్టే పెద్ద కండెన్సర్లు ఎండిపోతే వచ్చేది 100. ఎందుకంటే రెక్టిఫయరు రెండు సగాలనీ వాడుకుంటుంది. ఈ రెండూ చెవికి వేరువేరుగా తెలుస్తాయి. గిటారు చేతిలో ఉన్నవాడికి మీటరు కూడా అక్కర్లేదు. లావు తీగ, అంటే ఆరో తీగ, మూడో మెట్టుమీద నొక్కి మీటితే 98 వస్తుంది. సెట్టు గుయ్‌మనేది దానికి కాస్త పైన కలిస్తే అది 100, కండెన్సర్ల వైపు చూడాలి. ఇంకో స్థాయి కిందికి, బాస్ గిటారు లావుతీగ మూడో మెట్టు దగ్గర కలిస్తే అది 50. అమెరికాలో 60 సైకిళ్లు కాబట్టి అక్కడ కండెన్సరు హమ్ము ఆరో మెట్టుకీ ఏడో మెట్టుకీ మధ్య పడుతుంది. అక్కడివాడు చెప్పిన గుర్తు ఇక్కడ పనికిరాదన్నమాట. రోజుకి నాలుగు గంటలు గిటారు సాధన చేసే పిల్లవాడు, ఏ పాటైనా విని స్వరం పట్టగలిగినవాడు, తన సెట్టు ఏ స్వరంలో మూలుగుతోందో ఒక్కసారి పోల్చిచూడడు. అదే నా బాధ.

ఇంకో పరీక్ష ఉంది. సెట్టు పలుకుతుండగా మెయిన్ స్విచ్ ఆపేయండి. లోపలి కండెన్సర్లలో నిలవున్న కరెంటుతో ఇంకా కొన్ని సెకన్లు సెట్టు బతికే ఉంటుంది. హమ్ము చటుక్కున ఆగి, చిటపట మాత్రం కొనసాగుతూ నెమ్మదిగా చచ్చిపోతే, చిటపట కరెంటు లైనుది కాదు, ఏదో వాల్వుదో రెసిస్టరుదో. దమ్మిడీ ఖర్చు లేని పరీక్ష. ఈ కాలంలో దీన్ని చేసి నా దగ్గరికి వచ్చినవాణ్ణి నేను చూడలేదు.

అసలు సెట్టులోనే లేని రోగానికి సెట్టు విప్పేవాళ్లూ ఉన్నారు. గిటారు వైరు పీకేస్తే గోల ఆగిపోయిందంటే ఆంప్లిఫయరు తప్పు లేదు. గిటారు పట్టుకుని నిలబడి ఒంటిని అటూ ఇటూ తిప్పితే హమ్ము పెరిగి తగ్గుతోందంటే అది పికప్ తీగచుట్ట గదిలోని కరెంటుని లాక్కోవడం. ఒక్క చుట్ట ఉన్న పికప్‌ల స్వభావమే అది. గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ 1950లలో రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, ఒకదాని హమ్ముని ఇంకోటి కొట్టేసేలా కలిపి హంబకర్ చేసింది ఈ బాధ పడలేకే. మా రోజుల్లో గదిలో గోల పెట్టేవి తక్కువ. ట్యూబులైటు చోకు, పక్కింటి మిక్సీ, వీధిలో పోయే స్కూటరు ప్లగ్గు టపటపలు, అంతే. సీలింగు ఫ్యానుకి పెద్ద డబ్బా రెగ్యులేటరు ఉండేది. వేడెక్కేది, జాగా తినేది, కానీ నోరెత్తేది కాదు. ఇప్పుడు గోడలో గుండీ అంత ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు. అది ప్రతి అరచక్రంలోనూ కరెంటుని కోసి కోసి ఫ్యానుకి పంపిస్తుంది. ఆ కోత చప్పుడు సన్నటి జుయ్ అయి గిటారులోకి వస్తుంది. ఎల్ఈడీ బల్బులు, మొబైల్ చార్జర్లు, ఇన్వర్టరు, అన్నీ ఇదే బాపతు. వాల్వులు కొనేముందు ఒక్కసారి ఫ్యాను పూర్తి స్పీడులో పెట్టి చూడండి, లేదా ఆపి చూడండి. ఒక్కో ఇంట్లో రోగం అక్కడికక్కడే కుదిరిపోతుంది.

ఇక ఎర్తు. పాత ఇళ్లలో పెరట్లో గుంత తీసి ఉప్పు, బొగ్గు వేసి ఎర్తు పెట్టేవాళ్లు. ఎండాకాలం రాగానే అందులో బిందెడు నీళ్లు పోయడం ఇంట్లో ఒకరి పని. మైకుసెట్టు కట్టడానికి వెళ్లినా ముందు ఎర్తు చూసుకునేవాళ్లం, లేకపోతే తడినేలలో ఇనుప కడ్డీ దిగ్గొట్టి తీగ చుట్టేవాళ్లం. ఇప్పటి అపార్టుమెంట్లలో మూడు కన్నాల ప్లగ్గు పాయింటు అందంగా ఉంటుంది, మూడో కన్నానికి వెనక తీగ ఉందో లేదో కట్టినవాడికీ తెలియదు, ఉండేవాడికీ తెలియదు. సెట్టు లోహాన్ని ముట్టుకుంటే హమ్ము తగ్గుతోంది అంకుల్, ఇదేం విచిత్రం అని అడుగుతారు. విచిత్రం కాదు నాయనా, ఎర్తు చేయాల్సిన పని నీ ఒళ్లు చేస్తోంది.

మొన్న ఒక కుర్రాడు 1970ల నాటి ఫెండర్ ట్విన్ రివర్బ్ తెచ్చాడు. అమెరికాలో ఉన్న మేనమామ పంపించాడట. రెండు పన్నెండంగుళాల స్పీకర్లు, నాలుగు 6ఎల్6 వాల్వులు, ఇద్దరు పట్టుకుంటే గానీ బల్లమీదికి ఎక్కలేదు. వాల్వులన్నీ కొత్తవి వేశాడు. రెండు రోగాలు చెప్పాడు, ఎప్పుడూ హమ్ము, ఆపైన ఆగి ఆగి చిటపట. నేను బల్ల దగ్గర కూర్చోబెట్టి మా ఉస్తాద్ నాతో చేయించినట్టే చేయించాను. గిటారు తీసేయించాను. రెండు చానళ్ల వాల్యూములూ సున్నాకి దింపించాను. హమ్ము కదల్లేదు, చిటపటా కదల్లేదు. అంటే ఇవి వాల్యూం కంట్రోలు దాటిన తర్వాత పుడుతున్నాయి, కాబట్టి మొదటి వాల్వులో గిటారు శబ్దం ముందుగా చేరే సగానికి సంబంధం లేదు. అతను అన్నిటికంటే ఖరీదు పెట్టి కొన్నది ఆ మొదటి వాల్వే.

తర్వాత రివర్బ్ గుండీ తిప్పించాను. దాంతోపాటు హమ్ము లేచింది, సున్నా చేస్తే దాదాపు పోయింది. దొంగ ఆ దారిలో ఉన్నాడు. రివర్బ్ అంటే పెట్టె అడుగున సంచీలో పడుకున్న స్ప్రింగుల తొట్టి. అందులోంచి వచ్చే శబ్దం ఎంత సన్నగా ఉంటుందంటే దాన్ని పెంచడానికి ప్రత్యేకంగా ఒక వాల్వు కావాలి. దాంట్లోకి ఏ కాస్త హమ్ము దూరినా అదీ అంతే పెరుగుతుంది. సెట్టు వెనక తొట్టి నుంచి తిరిగొచ్చే ప్లగ్గు పీకించాను. హమ్ము పోయింది. వైరు తీసి చేత్తో తడిమితే ప్లగ్గు మెడ దగ్గర మెత్తగా ఆడుతోంది. పైతొడుగు కోస్తే లోపల జడలా అల్లిన సన్నతీగ, శబ్దపు తీగ చుట్టూ కవచంలా ఉండాల్సింది, నల్లబడి మూడువంతులు తెగిపోయి ఉంది. ఒక్క పోగు పట్టుకుని వేలాడుతోంది. అంగుళం కోసి, కొత్త ప్లగ్గు పెట్టి, టంకం వేశాం. ఆ హమ్ము మళ్లీ రాలేదు.

చిటపటకి ఇంకాస్త ఓపిక పట్టాల్సి వచ్చింది. స్టాండ్‌బైలో పెట్టి, గుడ్డతో పట్టుకుని ముందునుంచి ఒక్కో చిన్నవాల్వూ తీయించాను. ఫెండరులో ఫిలమెంట్లు పక్కపక్కన కలుపుతారు కాబట్టి ఒకటి తీసినా మిగతావి వెలుగుతూనే ఉంటాయి. మా కాలపు ఏసీ డీసీ రేడియోల్లో ఇలా కుదరదు, ఒకటి తీస్తే మాలంతా ఆరిపోతుంది. మొదటి అయిదూ తీసినా చిటపట పోలేదు. ఆరోది, పెద్ద వాల్వులకి శబ్దాన్ని రెండుగా చీల్చి ఇచ్చేది, తీయగానే ఆగిపోయింది. ఆ వాల్వు కొత్తది, వేరేది పెట్టినా చిటపట వచ్చింది. కాబట్టి వాల్వు కాదు. దాని ప్లేటుకి కరెంటు మోసే రెసిస్టర్లు రెండు, ఒకటి 82కే (82 వేల ఓములు), ఒకటి 100కే, పాతకాలపు కార్బన్‌వి. ఎండిన వెదురుపుల్లతో మెల్లగా తట్టాను. 82కే మీద తట్టినప్పుడల్లా స్పీకరు చిటచిటలాడింది. దశాబ్దాలుగా రెండువందల వోల్టులకి పైగా మోస్తూ లోపలి కార్బన్ రేణువులు ఒకదాన్నొకటి సరిగా అంటుకోవడం మానేశాయి. దాని స్థానంలో మెటల్ ఫిల్మ్ రెసిస్టరు వేశాం. అది నాలుగైదు రూపాయల వస్తువు. సంచీలో ఉన్న కొత్త వాల్వుల ఖరీదెంతో నేను అడగలేదు, అతను లెక్కేసుకుంటున్నట్టు ముఖంలో తెలుస్తూనే ఉంది.

మెటల్ ఫిల్మ్ రెసిస్టరు మా కాలపు కార్బన్‌దానికంటే మంచిది, ఆ మాట దాచను. సర్క్యూట్ డయాగ్రం ఇప్పుడు నిమిషంలో దొరుకుతుంది, మేము దానికోసం నెలలు ఎదురుచూసేవాళ్లం. ఇన్ని వసతులు ఉన్నప్పుడు పని ఇంకా బాగుండాలి కదా, ఎందుకు లేదు అన్నదే నా గోడు. మంచి రెసిస్టర్లు దొరుకుతున్నాయని బోర్డంతా పీకి కొత్తవి వేసేవాళ్లున్నారు. యాభై ఏళ్లనాటి బోర్డుమీద అన్ని చోట్ల ఇస్త్రీపెట్టెలా కావియ (టంకం పెట్టే కడ్డీ) పెట్టి కాలిస్తే పాత కన్నాలు ఊడిపోతాయి, బాగున్న చోట కొత్త డ్రై సోల్డర్లు పుడతాయి. వచ్చిన రోగం ఒకటి, తెచ్చుకున్నవి పది. ఎక్కువ వోల్టేజి మోసే ప్లేటు రెసిస్టర్లలోనే ఈ చిటపట ఎక్కువ. అక్కడ వెతికి, తట్టి, దోషి దొరికితే మార్చాలి. మిగతావాటి జోలికి పోనక్కర్లేదు.

పెద్ద ఫిల్టరు కండెన్సర్ల సంగతి మాత్రం వేరు. అవి లోపల తడిమీద బతికేవి, ఎండిపోవడం వాటి ధర్మం. ఇరవై ఏళ్లు దాటి, అవి మొదట వేసినవే అయితే, ఉబ్బినా ఉబ్బకపోయినా మార్చించండి. అక్కడ నేను పిసినారితనం చేయను. వాటిలో ఒకటి పూర్తిగా చచ్చిపోతే సెట్టు పడవమోటారులా పుట్‌పుట్‌పుట్ అంటుంది కూడా. రేడియోల్లోనూ ఇదే చప్పుడు వినేవాళ్లం. అలాగే పెద్ద వాల్వులు జతకి జత సరిపోవాలి. రెండువైపులా ఒకే కరెంటు లాగితేనే హైటెన్షన్‌లో మిగిలిన కొద్ది హమ్ము అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒకటి బలంగా, ఒకటి నీరసంగా ఉంటే ఆ మిగులు స్పీకర్లోకి వచ్చేస్తుంది. కొన్ని ఫెండర్లకి వెనక హమ్ బ్యాలెన్స్ అని చిన్న కంట్రోలు ఉంటుంది. స్క్రూడ్రైవరుతో మెల్లగా తిప్పుతూ హమ్ము తక్కువగా ఉన్నచోట వదిలేయడమే. ఆ కంట్రోలు ఉందని కూడా తెలియకుండా వాల్వుల మీద వాల్వులు కొన్నవాళ్లని చూశాను.

కొత్త వాల్వు అంటే మంచి వాల్వు అనే నమ్మకం కూడా వదులుకోవాలి. మేము కొట్టులో కొత్తది డబ్బా విప్పగానే పెన్సిలుతో తట్టి వినేవాళ్లం. తడితే గంటలా మోగే వాల్వుని మొదటి స్థానంలో పెట్టకూడదు. దాన్నుంచి వచ్చే ప్రతి చప్పుడూ వెనకున్నవాళ్లందరి చేతులమీదుగా పెరిగి పెరిగి స్పీకరుకి చేరుతుంది. మోగేదాన్ని ట్రెమొలో (శబ్దాన్ని ఊపే భాగం) దగ్గరికి పంపితే అక్కడ దాని నోరు వినబడదు. ఒకేరకం ఈసీసీ83లు, అమెరికావాళ్లు 12ఏఎక్స్7 అనేవి, నాలుగు ఉన్నాయంటే నాలుగూ ఒకటి కావు. ఏది ముందు, ఏది వెనక అని విని వరుసలో పెట్టుకోవడమే సగం రిపేరు. ఇప్పుడు రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి వచ్చేవాటిలోనూ మంచివి ఉన్నాయి. తట్టి, విని, ఏరుకునే ఓపిక కొన్నవాడికి ఉండాలి.

నాకు బొత్తిగా పడనిది ఇంకొకటుంది, ఆ నాయిస్ గేట్ అనే పెడల్. వాయించనప్పుడు శబ్దం దారి మూసేస్తుంది, వాయించగానే తెరుస్తుంది. సెట్టు గుయ్‌మంటోందని చెబితే కొట్టువాళ్లే దీన్ని అంటగడుతున్నారు. ఇది ఎందుకు ఏడుస్తున్నాడో చూడకుండా పిల్లాడి నోరు మూయడం. తీగ మీటినప్పుడు హమ్ము దాంతోపాటు వస్తూనే ఉంటుంది, సన్నగా సాగాల్సిన స్వరం చివర తెగిపోతుంది. పైగా సెట్టులో పుట్టిన హమ్ముకి గిటారు దారిలో గేటు పెడితే ఏమాత్రం పనిచేయదు. ఆ హమ్ము గేటు దాటాకే పుడుతోంది కదా. లోపల కండెన్సరు లీకవుతూ వాల్వు ఎర్రబడుతున్నా కుర్రాడు పెడల్ బిగువు పెంచుకుంటూ కూర్చుంటాడు. శబ్దం అన్నది సెట్టు మనతో చెప్పే మాట. దాన్ని వినబడకుండా చేసుకుంటే ట్రాన్స్‌ఫార్మరు కాలిన వాసన వచ్చేదాకా ఏమీ తెలియదు.

మరి సున్నా శబ్దం కావాలనేవాళ్లకి కూడా ఒకమాట. వాల్వు సెట్టు పూర్తిగా మౌనంగా ఉండదు. వాల్యూం పెంచితే వచ్చే సన్నటి ఉస్స్ దాని ఊపిరి. బాగున్న ఫెండరులోనూ ఉంటుంది. కంప్యూటరులో అచ్చుగుద్దినట్టు వాల్వు ధ్వని తెప్పించే పెట్టెలు వచ్చాక, ఆ మౌనానికి అలవాటుపడినవాళ్లు అసలు వాల్వుని రోగిష్టిదనుకుంటున్నారు. రోగం ఏదో, స్వభావం ఏదో తెలుసుకోవడానికి ఒక బాగున్న సెట్టు పక్కన కూర్చుని వినాలి. మాకు కొట్టులో ఎప్పుడూ ఒక మంచి సెట్టు ఆ పనికే ఉండేది.

భయం సంగతి చెప్పకుండా ముగించలేను, ఎందుకంటే ఇప్పటివాళ్లలో అది బొత్తిగా లేదు. ట్విన్ లాంటి సెట్టులో నాలుగువందల వోల్టులకి పైగానే ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా పెద్ద కండెన్సర్లలో అది దాక్కుని ఉంటుంది. మా ఉస్తాద్ ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకోకుండా ఆన్‌లో ఉన్న సెట్టుని ముట్టనిచ్చేవారు కాదు. రెండు చేతులూ పెడితే షాకు గుండెమీదుగా పోతుందని. ప్లగ్గు తీశాక పదికే రెసిస్టరుకి రెండు క్లిప్పులు కట్టి, ఒకటి చాసీకి, ఒకటి కండెన్సరుకి పెట్టి, మీటరు సున్నా చూపేదాకా ఆగేవాళ్లం. స్క్రూడ్రైవరుతో టప్పున షార్టు చేసే కుర్రాళ్లని చూస్తే నాకు చెంప వాయించాలనిపిస్తుంది. మూతబడి ఉన్న సెట్టుని మొదటిసారి నేరుగా కరెంటుకి పెట్టేవాళ్లమూ కాదు. బల్లమీద సిరీస్ బోర్డు ఉండేది, నూరు వాట్ల బల్బుతో. సెట్టులో షార్టు ఉంటే బల్బు భగ్గుమని వెలిగి ఊరుకునేది, ట్రాన్స్‌ఫార్మరు బతికేది. ఇప్పుడు ఆ ఫిలమెంటు బల్బులే కరువైపోయాయి. ఎల్ఈడీ బల్బు ఆ పనికి పనికిరాదు. పాత బల్బులు కనబడితే నాలుగు కొని దాచుకోండి. ఇంకోటి, స్పీకరు తగిలించకుండా వాల్వు సెట్టుని ఎప్పుడూ మోగించకండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పోతే అలాంటిది మళ్లీ దొరకదు.

విదేశాల నుంచి మేనమామలు, అన్నయ్యలు పంపిన పాత సెట్లు ఇంట్లో ఉన్నవాళ్లకి నేను చేతులు జోడించి చెప్పేది ఒకటి. అవి 117 వోల్టులకి, 60 సైకిళ్లకి చుట్టినవి. మన 230కి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా సైకిళ్లు 50గానే ఉంటాయి. అందుకే వాటి ట్రాన్స్‌ఫార్మరు కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, స్పీకర్లోంచి కాకుండా పెట్టెలోంచే గురగురలాడుతుంది. దానికి వాల్వులు మార్చి లాభం లేదు. అంతకంటే ముఖ్యం, వాటి వెనక గ్రౌండ్ స్విచ్ అని ఒకటి ఉంటుంది. దాని లోపల కరెంటు లైను నుంచి చాసీకి కట్టిన చిన్న కండెన్సరు ఉంటుంది, రెండు కాళ్ల ప్లగ్గుల కాలంలో హమ్ము తగ్గించడానికి పెట్టింది. అది షార్టయితే చాసీకి కరెంటు వచ్చేస్తుంది, చాసీ నుంచి గిటారు తీగలకి, తీగల నుంచి మీ వేళ్లకి. మైకుని పెదవి తాకితే చాలు. చాలా స్టెప్‌డౌన్ పెట్టెల్లో ఎర్తు కన్నం ఉత్తదే, వెనక తీగ ఉండదు. కాబట్టి ముందు తెలిసిన మెకానిక్ చేత ఆ కండెన్సరు తీయించి, మూడు పిన్నుల వైరు వేయించి, ఎర్తుని చాసీకి గట్టిగా బిగింపించండి. ఇంటి ఎర్తు మీటరుతో కొలిపించండి. ఆ పనులన్నీ అయ్యేదాకా సెట్టు ఆన్ చేయకండి, హమ్ము సంగతి తర్వాత చూసుకోవచ్చు.